సిలిండర్ మీద ఆడబిడ్డ

పెయింట్ వాసనట. ఎంత ధీమాగా అన్నారు ఆ మాట. తమ్ముడి కొత్తింటి గేటు పక్కన, పట్టుచీర కుచ్చిళ్లు మోకాళ్ల మధ్య దోపుకుని, వచ్చిన చుట్టాలంతా గుడ్లప్పగించి చూస్తుండగా, ఎర్రటి గ్యాస్ సిలిండర్ మీద పీట వేసుకున్నంత నిదానంగా కూర్చున్న వినోదకు ఆ ఒక్క మాట మింగుడు పడటం లేదు. పెళ్లయిన మర్నాటి నుంచి పొయ్యి ముందే బతికిన మనిషికి పెయింట్ వాసన ఏదో గ్యాస్ వాసన ఏదో తెలియదని, పొయ్యి వైపు ఎన్నడూ తొంగిచూడని మగవాళ్లంతా కలిసి తేల్చేశారు. వాళ్లకు రాలేదట. ఎట్లా వస్తుంది? వాళ్లు నిలబడి చూశారు. నడుం మీద చేతులు పెట్టుకుని, తలలు పైకెత్తి, సీలింగు డిజైను చూసినట్టు వంటింటిని చూశారు. గ్యాస్ పైకి పోదు, కిందికి దిగి నేలంటా పాకుతుంది. నేల మీద కూర్చుని ముగ్గు వేసేవాళ్లకు తగులుతుంది ఆ వాసన, తుడిచేవాళ్లకు తగులుతుంది, వంగినవాళ్లకు తగులుతుంది. ఆ వంటింట్లో పొద్దటి నుంచి ఒక్క మగవాడు వంగితే కదా.

ఆవు ఇంట్లో తిరిగి వెళ్లింది, గడపకు పసుపు పూశారు, గుమ్మడికాయ పగలగొట్టారు. ఇక ఇంటి ఆడబిడ్డ కొత్త పొయ్యి ముట్టించి పాలు పొంగిస్తే వ్రతం మీద కూర్చోబెడతానన్నాడు పంతులు. నిన్ననే మంచిర్యాల నుంచి వచ్చిన ఆడబిడ్డ తనే కదా, ఉన్న ఒక్క తమ్ముడికి ఉన్న ఒక్క అక్క. సంతోషంగానే పోయింది పాలగిన్నె పట్టుకుని. ముందు వంటగట్టు కింద ముగ్గు వేయాలని చతికిలబడింది. పిండి చిటికెలోనే ఆగిపోయింది. వాసన. సన్నగా, కుళ్లిన వెల్లుల్లిలాగా, గోడలోంచి రాగి పైపు బయటికి వచ్చే చోటు నుంచి. వెనక తమ్ముడి భార్య నవత దీపం పట్టుకుని వస్తోంది. "అక్కడ్నే ఆగు, దీపం బయట పెట్టు" అంది వినోద, తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. నవత ఎందుకని అడగలేదు, గడప దాటకుండానే వెనక్కి తిరిగింది. వినోద తలుపులు, కిటికీలు బార్లా తీసి, స్విచ్చులు ముట్టవద్దని ఒక కేక వేసి, పెరట్లో మెట్ల కింద పెట్టిన సిలిండర్ దగ్గరికి పోయింది, రెగ్యులేటర్ తిప్పి ఊడదీసింది, మూత బిగించింది. అంతటితో వదిలేస్తే ఎవడో ఒకడు మళ్లీ తగిలిస్తాడని తెలుసు కాబట్టి, సిలిండర్‌ను అంచు మీద దొర్లించుకుంటూ ఇంటి పక్క సందులోంచి గేటు దాకా తెచ్చి, దాని మీద కూర్చుంది. ఏమైందని జనం అడిగేలోపు ఏజెన్సీకి ఫోన్ చేసింది. "మెకానిక్ వచ్చి చూసిందాక నేను పొయ్యి ముట్టియ్య" అని ఒక్కసారి చెప్పింది. మళ్లీ చెప్పలేదు.

కరుణాకర్ వచ్చాడు నవ్వుకుంటూ. కొత్త పంచె, భుజాన కండువా, నుదుట బొట్టు. ఇంత అందగాడు తన తమ్ముడు, ఇవాళ తన ఇంటి ముందు తను యజమాని, ఆ ముఖం చూస్తే ఇంకో రోజైతే కడుపు నిండేది. "గది పెయింట్ వాసన అక్కా. నిన్న రాత్రిదాక వేసిండ్లు" అన్నాడు. "పైపు ఎవలు బిగించిండ్లు?" అని అడిగింది. "నేనే. ఫోన్ల చూసుకుంట మొత్తం నేనే ఏసిన, ఒక్కన్ని పిలువలే." "జాయింట్లకు ఏం చుట్టినవ్?" "నూలు. వార్నిష్ల ముంచి గట్టిగ చుట్టిన. మనం సాలోళ్లం అక్కా, మన చెయ్యి చుట్టినంక గాలి గూడ పోదు" అన్నాడు, వినేవాళ్లకు కూడా వినిపించేలా, పందిట్లో కొందరు నవ్వారు కూడా. సాలోడి చెయ్యి, నేతగాడి చెయ్యి. ఆ మాట మీద ఆ వాడకట్టు వాడకట్టంతా బతికింది, కాదనలేదు. పాత ఇంటి ముందు గదిలో బాపు, తమ తండ్రి హనుమండ్లు, నడిపిన సాంచెలు, ఆ మరమగ్గాల మోత, ఆ మోతలోనే నిద్ర, మోత ఆగితే మెలకువ, దారం తెగిందంటే చూడకుండానే అందుకుని ముడి వేసే బాపు వేళ్లు, ఆ వేళ్లే వీడికి వచ్చాయి. మగ్గం ఏ మూల ఎందుకు కూస్తుందో చెవితో చెప్పేవాడు వీడు. బాపు మురిసిపోయేవాడు, తనూ మురిసిపోయేది, నా తమ్ముడు ఏదైనా చేస్తాడని స్నేహితురాళ్లకు చెప్పుకునేది. కానీ ఆ నూలు కండెలకు చుట్టింది ఎవరు? బడి నుంచి రాగానే రాట్నం ముందు కూర్చున్నది తను, బీడీలు చుట్టి చుట్టి ఆ వేళ్లతోనే మళ్లీ కండెలు చుట్టింది తమ తల్లి, అవ్వ. చుట్టడం సాలోడి చేతి గొప్పయితే ఆ గొప్ప ఆడవాళ్లదే కావాలి. ఇవాళ సాలోళ్లమని నవ్వుతాడు, తనకు చెప్పొచ్చాడు చుట్టు సంగతి.

పైగా నూలు గురించి తెలిసింది ఇదేనా. పాత ఇంట్లో నల్లా కారితే వీడే నూలు చుట్టి బిగించాడు, ఇన్నేళ్లయినా బొట్టు కారలేదు, నిజమే. నీళ్లకు నూలు తడుస్తుంది, తడిసి ఉబ్బుతుంది, ఉబ్బి సందు మూస్తుంది. గ్యాస్‌లో తడి ఏది? ఎండిన నూలు ఎండినట్టే ఉంటుంది, వార్నిష్ నాలుగు రోజులకు పగులుతుంది, పోగు పోగుకూ మధ్య దారి దొరుకుతుంది, దారి దొరికితే చాలు దానికి. నీళ్లు కారితే నేల తడుస్తుంది, గుడ్డ పెట్టి తుడుస్తారు. ఇది కారితే ఏం పెట్టి తుడుస్తారు? ఆ తేడా చెప్పడానికే మెకానిక్ అనేవాడు ఒకడు ఉంటాడు, వాడికి నేర్పి, చేతికి కార్డు ఇచ్చి పంపుతారు, వాడు బిగించి సబ్బు నురుగు రాసి చూసి, నాదే పూచీ అని సంతకం పెట్టి పోతాడు. వీడి పూచీ ఎవరి దగ్గర పెట్టాలి?

ఖర్చుకు వెనకాడి చేశాడా అంటే అదీ కాదు, అందుకే మరీ మండుతోంది. ఇల్లు కట్టి చూడు పెళ్లి చేసి చూడు అంటారు, కట్టాడు, చూపించాడు. ఈ గేటు, తను ఆనుకుని కూర్చున్న ఈ నెమళ్ల గేటు, కరీంనగర్ నుంచి పనివాడిని పిలిపించి చేయించాడు. హాల్లో సీలింగుకు హైదరాబాద్ నుంచి మనుషులు వచ్చారు, రంగురంగుల లైట్లు, నిన్న రాత్రి ఒక్కొక్కటీ వేసి ఆర్పి చూపించాడు అక్కకు. వాస్తుకు జమ్మికుంట నుంచి ఒకాయన, ఆయన చెప్పాడని కట్టిన గోడ పడగొట్టి మళ్లీ కట్టారు. వాకిట్లో బండలు పరిచేవాడు వేరే, టీవీ గోడకు బిగించేవాడు వేరే. వీధిలోంచి కనబడే ప్రతిదానికీ పనివాడు కావాలి, తెలిసినవాడు కావాలి. గోడ లోపల, గట్టు కింద, ఆడదాని మోకాళ్ల దగ్గర ఉండే పైపుకు మాత్రం ఇంట్లో మగవాడు ఉండగా బయటి వాడెందుకు. టీవీ కింద పడితే పగిలేది టీవీ. పైపు కారితే పగిలేది ఎవరో ఆలోచించాడా? ఆలోచించి ఉండడు. చెడ్డవాడు కాదు కరుణాకర్, ఆ సంగతి తనకంటే ఎవరికి తెలుసు, చెడ్డవాడైతే తిట్టి పోవచ్చు. ఆలోచించడు, అంతే. చెడ్డవాళ్ల చేతిలో కాలినవాళ్ల కంటే ఆలోచించని మంచివాళ్ల చేతిలో కాలినవాళ్లే ఎక్కువేమో, ఎవరు లెక్క పెట్టారు.

పందిట్లో ముందు వరుసలో కుర్చీలో పరశురాములు కూర్చున్నాడు, తన పెనిమిటి, ఫోన్లో తల దూర్చి. ఆయన ఎందుకు తల ఎత్తడం లేదో ఇక్కడ ఇంకెవరికీ తెలియకపోవచ్చు, తనకు తెలుసు. మంచిర్యాలలో ఒక రోజు గ్యాస్ పైపు ఊడింది. ఆయన బట్టల దుకాణం తెరిచే వేళ. మెకానిక్ ఎప్పుడు వస్తాడో ఏమో, పైపు పైపే కదా అని కూలర్‌కు తెచ్చిన ఆకుపచ్చ పైపు ముక్క కోసి తగిలించి పోయాడు. కొన్నాళ్లకు వాసన వచ్చింది. చెప్పింది. కొత్త పైపు గద, రబ్బరు వాసన అట్లనే ఉంటది అన్నాడు. మగవాళ్ల దగ్గర ప్రతి వాసనకూ ఒక పేరు సిద్ధంగా ఉంటుంది, గ్యాస్ అన్న పేరు తప్ప. మర్నాడు పొద్దున చాయ్ పెడదామని ముట్టించింది. ఎడమ చెయ్యి, భుజం, మెడ, దవడ కింద దాకా. అప్పటి నుంచి మోచేతులు దాటిన జాకెట్టే, ఎండాకాలం కూడా. కరీంనగర్ ఆస్పత్రిలో ఎంతకాలం పడి ఉందో, ఆ వార్డులో ఆడవాళ్లే, అందరూ పొయ్యి దగ్గర కాలినవాళ్లే, అరటాకుల మీద పడుకోబెట్టేవాళ్లు. ఒక ఆడ కానిస్టేబుల్ వచ్చి చెవి దగ్గరికి వంగి, మీ ఆయన ఏమన్న చేసిండా చెల్లే, భయపడకు అని అడిగింది. లేదని తల ఊపింది. నిజమే, కిరసనాయిలు పోసి కాల్చలేదు. పైపు తగిలించి కాల్చాడు. దానికి ఏ కాగితంలోనూ గడి లేదు.

ఆ మంట తగ్గింది. ఇంకో మంట తగ్గలేదు. చూడటానికి వచ్చినవాళ్లు, కొబ్బరిబొండాలు తెచ్చినవాళ్లు, బత్తాయిలు తెచ్చినవాళ్లు, అత్త, ఆడబిడ్డలు, పక్కింటివాళ్లు, డాక్టరు కూడా, ఒక్కటే అడిగారు. నీకు వాసన రాలేదా? జర చూసుకోవద్దా? ఇదే కరుణాకర్, కళ్లనిండా నీళ్లతో స్టూలు మీద కూర్చుని, అక్కా, నీకు వాసన గూడ రాలేదా అన్నాడు. పెదవులు వాచి ఉన్నాయి, మాట రాలేదు. ఇప్పుడు వస్తోంది. వచ్చిందిరా వాసన. అప్పుడూ వచ్చింది, ఇప్పుడూ వచ్చింది. వచ్చిందని చెప్పకపోతే మొద్దుముక్కు, చెబితే కాలినదానికి భయం పట్టుకుంది అంటారు, ఇందాక పందిట్లో ఎవరో అన్నారు కూడా, పాపం అప్పుడు కాలింది గద, అందుకే గట్ల జేస్తుంది అని, జాలిగా. ఆ జాలి ఎక్కడన్నా తగలబడిపోను. కాలింది కాబట్టే తెలుసు అని ఒక్కరు అనలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే తప్పు, కాలకముందే పట్టుకుంటే పిచ్చి.

పరశురాములు లేచి వచ్చాడు చివరికి, ఎవరో పొడిచి పంపారు. "ఇంతమంది ముంగట ఎందుకు వినోదా. లే, నేను చూస్త పైపు" అన్నాడు మెల్లగా. "నువ్వు చూసింది చాలయ్యా" అంది. చెయ్యి దానంతట అదే మెడ దగ్గరికి పోయింది. ఆయన అది చూశాడు. వెళ్లి కుర్చీలో కాకుండా కుర్చీల వెనక నిలబడ్డాడు. ఆ రోజు నుంచి ఇంట్లో పైపు మార్చాలన్నా రెగ్యులేటర్ చూడాలన్నా ఏజెన్సీ మనిషినే పిలుస్తాడు, బుద్ధి వచ్చింది, సంతోషం. ఆ బుద్ధిని ఇక్కడ నాలుగు మాటలు చేసి బామ్మర్దికి చెబితే ఏం పోయింది? నావల్ల నా పెండ్లాం కాలింది, నువ్వు ఆ పని చెయ్యకు అని చెప్పడానికి ఆయనకు ఇన్నేళ్లలో నోరు రాలేదు, ఇవాళ అస్సలు రాదు. బుద్ధి కూడా తమ దగ్గరే దాచుకుంటారు. ఫోన్ మోగింది, మెకానిక్. "వస్తున్న అక్కా, వేములాడ రోడ్ల ఉన్న, ఒక ఇంట్ల పని ఒడవంగనే వస్త, మీరు మాత్రం ముట్టియ్యకుండ్రి" అన్నాడు. ముఖం తెలియని ఆ మనిషి ఒక్కడే ఈ పొద్దు తనను నమ్మాడు.

అవ్వ వచ్చింది. యాదవ్వ, బీడీ ఆకుతో మొద్దుబారిన వేళ్లతో తన గడ్డం పట్టుకుంది. "బిడ్డా, ముహూర్తం దాటుతుందంటుండే పంతులు. ఒక్క నిమిషం ముట్టిచ్చి బంద్ జెయ్యి. పాలు పొంగినయ్ అనిపియ్యి. అటెన్క మెకానిక్‌ను పిలుస్తడు తియ్యి వాడు." ఒక్క నిమిషం. అవ్వా, అది ఒక్క నిమిషం కూడా తీసుకోదే, అగ్గిపుల్ల గీసినంత సేపే. కానీ అవ్వతో ఎట్లా కోట్లాడాలి. కిరసనాయిలు స్టవ్వు పిన్నుతో పొడుచుకుంటూ పొడుచుకుంటూ తమను సాకింది, అది భగ్గుమన్నప్పుడల్లా గోనెసంచి తడిపి కప్పేది, మళ్లీ అదే స్టవ్వు ముట్టించేది, ఇల్లంటే అట్లాగే ఉంటుంది అనుకుంది. "నలుగురు నవ్వుతుండ్లే. ఆడబిడ్డ అలిగి కూసున్నదంటుండ్లు" అంది అవ్వ గొంతు తగ్గించి. అలిగిందట. అక్కడికి వచ్చింది సంగతి. ఆడబిడ్డ ఇట్లా గేటు దగ్గర కూర్చుందంటే చీర నచ్చలేదనో, బంగారం పెట్టలేదనో అర్థం, వాళ్లకు తెలిసిన అర్థం అదొక్కటే. తమ ఇళ్లలో అది ఉన్నదే, శుభకార్యంలో ఆడబిడ్డ అలగాలి, అన్నదమ్ములు బతిమాలాలి, ఏదో ఒకటి పెట్టి లేపాలి, అందరూ నవ్వాలి. ఆ ఆట ఆడటానికి కూర్చున్నానని అనుకుంటున్నారు. ఆ వెంటనే కరుణాకర్ మళ్లీ వచ్చి, ఈసారి నవ్వు సగమే ఉంది ముఖాన, "నీకేం గావాలో చెప్పక్కా. ఏది అడిగితె అది పెడ్త. జల్ది చెప్పు, లే" అన్నాడు.

అప్పుడు ఏడుపు వచ్చింది. పొద్దటి నుంచి రానిది, ఆస్పత్రిలో డ్రెస్సింగులప్పుడు కూడా పళ్లబిగువున ఆపుకున్నది, ఆ మాటకు వచ్చింది. నీ ప్రాణం కావాలిరా అనాలని ఉంది, అంటే అది కూడా శాపనార్థంలా వినిపిస్తుంది వీళ్లకు. "నాకేం వద్దు తమ్మీ. మెకానిక్ రావాలె, అంతే" అంది. వాడి ముఖం మారింది. ఇక అక్క కాదు, పదిమందిలో పరువు తీసే మనిషి. చూపు తిప్పుకుని పోయాడు. రేపటి నుంచి ఫోన్ చేయడేమో. బతుకమ్మకు తోలుకపోవడానికి రాడేమో, వాడు రాకపోతే బాపు లేని ఇంటికి ఏ ముఖం పెట్టుకుని రావాలి. ఈ ఇంట్లో పిల్లలకు జ్వరం వచ్చినా, సాంచె ఆగినా, ఆ రోజు ఆడబిడ్డ ముహూర్తం చెడగొట్టింది అంటారు, ఏళ్ల తరబడి అంటారు. పుట్టిల్లు పోయినట్టే. ఒకవేళ నిజంగానే పెయింట్ వాసనైతే? వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది, పసుపు వాసన, ముగ్గుపిండి, సిలిండర్ తుప్పు. కాలిన మనిషికి ముక్కు కూడా అబద్ధం చెబుతుందా? మెకానిక్ వచ్చి నురుగు రాసి, ఏం లేదక్కా బాగనే ఉంది అంటే? అప్పుడు భూమి చీలి అందులోకి పోవాలి తను. చూశావా, ఇందరు కలిసి పెయింట్ పెయింట్ అంటుంటే తన ముక్కు మీద తనకే నమ్మకం పోతోంది, ఒళ్లు కాలి కూడా. లేచి పోయి ఇంకొకసారి వాసన చూసి వద్దామా అనిపించింది. లేస్తే సిలిండర్ ఎత్తుకపోతారు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో అనుకుంది ఇన్నాళ్లు.

ఇంటి పక్క సందులోంచి నవత వచ్చింది. ఇచ్చోడ నుంచి వచ్చిన పిల్ల, ఇంట్లో ఉన్నదో లేదో తెలియనంత నెమ్మది, పది మాటలకు ఒక మాట. కట్టడంలో మిగిలిన ఇటుకలు కొంగులో మోసుకుని వస్తోంది, కొత్త చీరకు ఎర్రమన్ను. ఎవరికీ ఏమీ చెప్పకుండా గేటు ఇవతల పేర్చబోయింది. "అటు పో, ఆ గోడ మూలకు. సిలిండర్‌కు దూరం" అంది వినోద. నవత ఇటుకలు ఎత్తుకుని ప్రహరీ చివరికి పోయి మూడు వైపులా పేర్చింది, సెంట్రింగ్ చెక్కముక్కలు తెచ్చి దోపింది, పాలగిన్నె తెచ్చి పక్కన పెట్టింది. పంతులు వాచీ చూసుకుని, ప్రహరీ లోపలే కాబట్టి ఇల్లే లెక్క, అగ్ని ఎక్కడైనా అగ్నే, కానివ్వండి అన్నాడు, ఆయనకూ ఇంకో ఇంటికి పోవాల్సి ఉన్నట్టుంది. నవత అగ్గిపెట్టె పట్టుకుని వచ్చి వినోద ముందు నిలబడింది. నుదుట చెమటకు కుంకుమ కారుతోంది.

"నేను లేస్తే వీళ్లు సిలిండర్ ఎత్తుకపోతరు పిల్లా" అంది వినోద. నవత ఒకసారి వెనక్కి చూసి, వంగి, వినోద కుచ్చిళ్లు సర్దుతున్నట్టుగా, తల ఎత్తకుండా మాట్లాడింది. "మొన్న సిలిండర్ పెట్టిననాడే వాసన వచ్చింది వదినా. చెప్పిన. పెయింట్ అన్నడు. నిన్న సబ్బు నురుగు రాసి చూసిన, గోడ కాడి జాయింట్‌కు. బుడగలు వచ్చినయ్. పిలిచి చూపిస్తె, ఇంక జర నూలు చుట్టిండు. అయిపోయింది, ఎవలకు చెప్పకు, అక్క వస్తుంది, పరేషాన్ చెయ్యకు అన్నడు."

వినోదకు ఒక్క క్షణం ప్రాణం లేచి వచ్చింది. నిజమే. తన ముక్కు నిజమే. ఆ వెంటనే ఇంకోటి తట్టింది. పొద్దున తను పాలగిన్నె పట్టుకుని వంటింట్లోకి పోతుంటే ఈ పిల్ల వెనకాలే వచ్చింది. తెలిసి వచ్చింది. తెలిసి, నోరు మూసుకుని, దీపం పట్టుకుని. "నేను కూసోకపోతె? ముగ్గెయ్యకుండ నిలవడే పొయ్యి ముట్టిస్తె?" అంది, మాటలు పళ్ల మధ్య నుంచి వచ్చాయి. నవత చేతులు కుచ్చిళ్ల మీద ఆగిపోయాయి.

"పక్కన్నే నిలవడుదామనుకున్న వదినా. పోతె ఇద్దరం పోదుమని. పిల్లలను ముందుగాల్నే పక్కింటికి పంపిన."

వినోదకు ఇందాక కరుణాకర్ మీద వచ్చిన కోపం దీని ముందు కోపం కాదు, పరశురాములు మీద ఇన్నేళ్లుగా దాచుకున్నది కోపం కాదు. ఈ పిల్ల రాత్రంతా పడుకుని ఆలోచించింది. పిల్లలను ఎక్కడ దాచాలో ఆలోచించింది, తను ఎక్కడ నిలబడాలో ఆలోచించింది, ఆడబిడ్డను ఒంటరిగా పోనివ్వకూడదని మర్యాద కూడా ఆలోచించింది. ఇంతమందిలో నోరు తెరిచి గ్యాస్ కారుతోంది అనడం మాత్రం చావడం కంటే కష్టమనిపించింది దీనికి. ఎవరు నేర్పారు? చెంప మీద ఒకటి కొట్టాలని చెయ్యి లేచింది నిజంగా, లేచి ఎక్కడ దిగాలో తెలియక నవత భుజం మీద దిగింది. ఆ భుజం ఎముకే, మాంసం లేదు. తను సాయంత్రం బస్సుకు మంచిర్యాల పోతుంది. పుట్టిల్లు పోతుందో ఉంటుందో, బతుకమ్మకు పిలుస్తారో పిలవరో అని ఇంతసేపూ తన గోల తను పడింది. ఈ ఇంట్లో రేపు పొద్దున చాయ్ పెట్టేది ఇది. ఎల్లుండీ ఇదే, ఆ తర్వాతా ఇదే. తను ఎన్ని రోజులు వచ్చి గేటు దగ్గర కూర్చుంటుంది.

లేచింది. కాళ్లు తిమ్మిరెక్కాయి. అగ్గిపెట్టె తీసుకుంది. "కూసో" అంది.

"నేనా వదినా?" నవత పందిరి వైపు చూసింది. అత్త, మామ వరుసవాళ్లు, బావ వరుసవాళ్లు, పెనిమిటి. వాళ్ల ముందు కుర్చీలో కూర్చుని ఎరగదు ఆ పిల్ల.

"నువ్వే. ఈ ఇంట్ల వండేది నువ్వు. నేనచ్చి అడిగినా లెవ్వకు."

నవత కూర్చుంది, సగం అంచు మీద, ఎప్పుడంటే అప్పుడు లేచేటట్టు. వినోద వెనక్కి తిరగకుండా ప్రహరీ మూలకు పోయింది. పుల్ల గీసింది, చెక్కలు అంటుకున్నాయి, సెంట్రింగ్ చెక్క పొగ కళ్లలో పడింది. పాలు గిన్నె అంచుల్లో చిన్నగా మూలగడం మొదలుపెట్టాయి. కొన్ని అడుగుల దూరంలో తమ్ముడి కొత్త చెప్పుల చప్పుడు వినబడింది, కిర్రుకిర్రుమంటూ, గేటు వైపు. పాలు పొంగుతుంటే ఆడబిడ్డ చూపు తిప్పకూడదు. తిప్పలేదు.

"లే నవతా. పాలెట్లన్న పొంగుతున్నయ్. ఇగ సిలిండర్ లోపట పెడ్త, వచ్చినోళ్లకు చాయ్ పెట్టాలె" అన్నాడు కరుణాకర్, మామూలుగా, లేస్తుందన్న నమ్మకంతో.

చెక్క చిటపటమంది. పాలు గిన్నె మెడ దాకా లేచాయి. వినోద మంటనే చూస్తోంది, వెనక ఆ పిల్ల లేచిన చప్పుడు, చీర గరగర వినబడుతుందేమోనని ఒళ్లంతా చెవులు చేసుకుంది.

"ఇయ్య" అంది నవత.

ఆ మాట పందిరి చివరిదాకా వినబడింది.

"ఏందీ?"

"మెకానిక్ అచ్చిందాక ఇయ్య. నువ్వు గుంజుకుంటె గుంజుకో, అందరి ముంగట గుంజుకో. నేనైతె ఇయ్య."

పాలు పొంగి నిప్పుల మీద పడ్డాయి.